ఖాళీ పోస్టు కూడా కోతే: రాష్ట్ర బడ్జెట్లూ ఉద్యోగుల పోరాటాలూ

బడ్జెట్ రోజున ప్రభుత్వోద్యోగుల కళ్లు వెతికేవి రెండే: డీఏ (కరువు భత్యం), పీఆర్సీ (వేతన సవరణ). రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగ సంఘాల రాజకీయం దశాబ్దాలుగా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతోంది. మిగతా పద్దుల సంగతి ఆర్థిక శాఖ చూసుకుంటుందిలే అని వదిలేశాం. అవే పద్దులు పక్క కుర్చీని ఖాళీ చేశాయి. ఎదుటి కుర్చీలో కాంట్రాక్టు మనిషిని కూర్చోబెట్టాయి. కొత్తగా చేరినవాళ్లకు పాత పెన్షన్ లేకుండా చేశాయి. చివరికి డీఏను కూడా బకాయిల ఖాతాలోకి నెట్టాయి. తన జీతం మీద పడేదాకా కోతను కోతగా గుర్తించకపోవడమే మన ఉద్యోగ ఉద్యమాల పెద్ద బలహీనత అని నేను నమ్ముతాను. ప్రభుత్వ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ రాష్ట్ర బడ్జెట్ కోతలను ఎదిరించాలి. అయితే ఆ ఎదిరింపు ఎక్కడ మొదలవుతుందన్నదాని మీదే గెలుపోటములు ఆధారపడతాయి. ఇక్కడా, తమిళనాడులోనూ, అమెరికా రాష్ట్రాల్లోనూ జరిగిన పోరాటాలన్నీ చూశాక నాకు మిగిలిన అభిప్రాయం అదే.

ముందు ఒక లెక్క. తెలంగాణ తొలి వేతన సవరణ సంఘం సి.ఆర్. బిస్వాల్ అధ్యక్షతన 2020 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది. అందులో మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవారు 3,00,178 మంది. ఖాళీలు 1,91,126. అంటే ప్రతి పది పోస్టుల్లో దాదాపు నాలుగు ఖాళీ. ఆ నివేదిక బయటికొచ్చిన రోజున ఉద్యోగ వర్గాల్లో చర్చంతా అది సిఫార్సు చేసిన 7.5 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం పెంపు) మీదే నడిచింది. అంత తక్కువా అన్న కోపం న్యాయమైనదే. 2021 మార్చిలో ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది, కోపం చల్లారింది. 1,91,126 అన్న సంఖ్యను మాత్రం నిరుద్యోగ యువకులే భుజాన వేసుకుని తిరిగారు. మరుసటి ఏడాది మార్చిలో 80,039 పోస్టులు భర్తీ చేస్తామని, 11,103 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరిస్తామని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించడంలో ఆ యువకుల ఒత్తిడి పాత్ర చాలా ఉంది. పదిమంది పని ఆరుగురు చేస్తున్నప్పుడు ఆ భారం మోసేది ఉద్యోగులే. అయినా ఖాళీల భర్తీ అన్నది వారి డిమాండ్ల పత్రంలో చివరి వరుసల్లో ఎక్కడో ఉండిపోయింది.

ఖాళీగా ఉంచడం అన్నిటికన్నా సులువైన కోత. దానికి జీవో అక్కర్లేదు, శాసనసభలో చర్చ అక్కర్లేదు. ఒకరు పదవీ విరమణ చేస్తారు, ఆ కుర్చీ నింపరు, అంతే. సబ్ సెంటరులో ఏఎన్ఎం లేకపోతే టీకాల రోజు వాయిదా పడుతుంది. బడిలో లెక్కల టీచరు లేకపోతే తెలుగు టీచరే ఆ క్లాసులో కూర్చుంటారు. సర్వేయరు లేని మండలంలో పొలం హద్దుల దరఖాస్తు నెలల తరబడి కదలదు. ఇవన్నీ జనానికి 'ఆఫీసులో పని జరగడం లేదు' అన్నట్టుగానే కనిపిస్తాయి. బడ్జెట్లో జరిగిన తప్పుకు కౌంటరు దగ్గర తిట్లు తినేది గుమాస్తా.

రెండో రకం కోత ట్రెజరీలో జరుగుతుంది. శాసనసభ ఆమోదించిన పద్దు వేరు, విడుదలైన సొమ్ము వేరు, చివరికి బిల్లు పాసైన మొత్తం వేరు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వకపోతే పద్దు కాగితం మీదే ఉంటుంది. ఇచ్చినా ట్రెజరీల మీద ఆంక్షలు పెడితే బిల్లుకు టోకెన్ నంబరు పడి అక్కడే ఆగుతుంది. మార్చి 31 దాటితే మళ్లీ మొదటికి. సరెండర్ లీవు, మెడికల్ రీయింబర్స్‌మెంట్, జీపీఎఫ్ అప్పు, డీఏ బకాయి ఇలా ఆగిపోయిన అనుభవం లేని ఉద్యోగి రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. తెలంగాణలో విరమణ వయసు 61కి పెంచాక ఆగిన రిటైర్మెంట్లు 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. అలా దిగిపోయినవారిలో ఎందరో గ్రాట్యుటీ కోసం, తాము దాచుకున్న సొమ్ము కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఇది చాలామంది గమనించే సంగతే. దాని పక్కనే ఉన్న సంగతి మాత్రం తక్కువమంది చూస్తారు. వసతి గృహాల మెస్ బిల్లులు, కాలేజీలకు రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ కింద ఆసుపత్రులకు బాకీ, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల బిల్లులు కూడా అదే ఖజానా ముందు అదే వరుసలో నిలబడి ఉన్నాయి. హాస్టలు పిల్లవాడి అన్నం బిల్లును, టీచరు సరెండర్ లీవును ఆపిన చెయ్యి ఒక్కటే అయినప్పుడు, ఆ రెండింటి కోసం అడిగే గొంతులు వేర్వేరుగా ఎందుకుండాలి?

మూడోది కాంట్రాక్టు. దీని వెనుక చాలా చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి రెండో నంబరు చట్టం దినసరి, తాత్కాలిక నియామకాలను నిషేధించింది, సిబ్బంది సంఖ్యను హేతుబద్ధం చేస్తామంది. ఆ ఏడాదే వచ్చిన 212 జీవో 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవారిని క్రమబద్ధీకరించి, మిగతావారికి తలుపు మూసింది. పని మాత్రం ఆగలేదు కదా. శాశ్వత పోస్టులో మనిషిని పెట్టడం కుదరనప్పుడు కాంట్రాక్టు వచ్చింది, తర్వాత ఏజెన్సీ ద్వారా అవుట్‌సోర్సింగ్ వచ్చింది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు అక్రమ నియామకాలను క్రమబద్ధీకరించడం హక్కు కాదంది. ప్రభుత్వాలు ఆ తీర్పును ప్రతి కాంట్రాక్టు ఉద్యోగి ముఖాన విసిరాయి. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ స్కేలు కనీస వేతనం దక్కాలంది. ఆ తీర్పును అమలు చేయడానికి మాత్రం అంత ఉత్సాహం కనిపించలేదు. ఒకే ఆసుపత్రి వార్డులో ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరు నర్సుల జీతాల మధ్య రెండు మూడు రెట్ల తేడా ఉండటం ఎంత మామూలైపోయిందంటే దాన్ని బడ్జెట్ కోత అని పిలవడం కూడా మరిచిపోయాం.

ఈ కోతలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? రాష్ట్రానికి డబ్బు లేక అన్నది సగం నిజమే. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టు పేరిట ప్రపంచ బ్యాంకు నుంచి సుమారు 54 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అప్పట్లో ఒక భారత రాష్ట్రానికి నేరుగా అంత పెద్ద సంస్కరణల రుణం కొత్త. జీతాల భారం, సబ్సిడీలు తగ్గించడం, ప్రభుత్వ సంస్థలను వదిలించుకోవడం ఆ సంస్కరణల్లో భాగం. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును విడదీశారు, 2000లో చార్జీలు పెంచారు, ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. బడ్జెట్ పుస్తకంలో మొదలైన మాట రోడ్డు మీదికి ఎంత దూరం వస్తుందో తెలుగు నేల అప్పుడే చూసింది.

తర్వాత షరతులు విదేశీ బ్యాంకు నుంచి కాక మన రాజ్యాంగ సంస్థల నుంచే వచ్చాయి. పన్నెండో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు అప్పుల ఊరట ఇస్తూ ద్రవ్య బాధ్యత చట్టం చేయాలని ముడిపెట్టింది. వడ్డీలు, పెన్షన్లు పోగా మిగిలే రెవెన్యూ వ్యయంలో జీతాలు 35 శాతం దాటని విధంగా నియామకాలు ఉండాలని కూడా చెప్పింది. ఈ ఒక్క వాక్యం మన బడుల్లో, ఆసుపత్రుల్లో ఎన్ని కుర్చీలను ఖాళీగా ఉంచిందో ఏ ఉద్యోగ సంఘమూ లెక్క తీయలేదు. తీయాల్సిన లెక్క అది. 2005లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం చేసింది, ద్రవ్యలోటు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదన్నది దాని సారం. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే 293(3) అధికరణ కింద కేంద్రం అనుమతి కావాలి. కేంద్రం వసూలు చేసే సెస్సులు, సర్‌చార్జీల్లో రాష్ట్రాలకు వాటా లేదు. కేరళ అయితే అప్పు పరిమితి మీద ఏకంగా సుప్రీంకోర్టుకెక్కింది, 2024లో అది రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. ఉద్యోగ సంఘాలు సచివాలయం గేటు దగ్గర ఆగిపోయి ఢిల్లీ వైపు చూడకపోతే సగం పోరాటం చేసినట్టే.

2025లో తెలంగాణ ముఖ్యమంత్రి పలుమార్లు చెప్పిన లెక్క ప్రకారం నెలకు రాష్ట్ర రాబడి సుమారు 18,500 కోట్లు. అందులో జీతాలు, పెన్షన్లకు 6,500 కోట్లు, అప్పులు, వడ్డీలకు మరో 6,500 కోట్లు పోగా అన్ని పథకాలకూ మిగిలేది 5,500 కోట్లు. ఆ లెక్క చెప్పి, ఇంకేం చేయమంటారో మీరే చెప్పండని ఉద్యోగులను అడిగారు. ఈ ప్రశ్నకు 'మా డీఏ మాకివ్వండి' అన్నది జవాబు కాదు. అలాగని తల దించుకోవాల్సిన పనీ లేదు. జీతాలతో సమానంగా అప్పులకు పోతున్న ఆ 6,500 కోట్లు ఏ పనుల కోసం, ఏ కాంట్రాక్టర్ల కోసం తెచ్చిన అప్పులు? 18,500 అన్నది ఎందుకు అంతే ఉంది, ఎవరి భూమి మీద, ఎవరి లాభం మీద పన్ను వేయకుండా వదిలేశాం? ఈ రెండు ప్రశ్నలు తిరిగి అడగగలిగితే అప్పుడు అది సంభాషణ అవుతుంది.

చరిత్రలోకి వెళితే, మన దగ్గర కోత తొలిసారి పెద్దగా తగిలింది 1983లో. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చిన నెల రోజులకే విరమణ వయసును 58 నుంచి 55కి దించింది. వేలమంది ఒక్క రోజున ఇంటికెళ్లారు. యువతకు అవకాశం ఇవ్వడానికే అని ప్రభుత్వం చెప్పింది, ఆ మాట జనానికి నచ్చింది కూడా. ఉద్యోగులు కోర్టుకెళితే 1985 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది. ఈలోగా 1984 రాజకీయ సంక్షోభంలో వయసు మళ్లీ 58 అయింది. నిరుద్యోగిని, ఉద్యోగిని ఎదురెదురుగా నిలబెడితే కోత ఎంత సాఫీగా సాగుతుందో అప్పుడు తేలింది. ఆ తర్వాత ప్రతి ప్రభుత్వమూ ఆ పాఠాన్ని గుర్తుపెట్టుకుంది. ఉద్యోగులే మరిచిపోయారు.

మరిచిపోయారనడానికి సీపీఎస్‌ను (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) మించిన రుజువు లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పెన్షన్ ఉండదని ఉమ్మడి రాష్ట్రం తేల్చింది. జీతంలో పది శాతం కోసి, ప్రభుత్వం తన వాటా కలిపి, మార్కెట్లో పెట్టి, చివరికి ఎంత వస్తే అంత. అప్పటికే సర్వీసులో ఉన్న లక్షలమందిని ఎవరూ ముట్టుకోలేదు. ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్ల పెన్షన్ పోతుంటే సమ్మె చేసేదెవరు? సంఘాలు తీర్మానాలు చేసి ఊరుకున్నాయి. పదేళ్లు గడిచేసరికి ఆ చేరనివాళ్లే సర్వీసులో పెద్ద వర్గమయ్యారు, సెప్టెంబరు 1ని పెన్షన్ విద్రోహ దినంగా పాటించడం మొదలుపెట్టారు. 2019 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో వారంలో రద్దు చేస్తామన్న హామీ వచ్చింది. 2023లో రద్దుకు బదులు హామీ పెన్షన్ (జీపీఎస్) చట్టం వచ్చింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ ప్రదేశ్ పాత పద్ధతికి మళ్లడం, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ (యూపీఎస్) తేవడం ఆ యువ ఉద్యోగుల ఆందోళనల ఫలితమే. 2004లో ఒక్క నెల కలిసికట్టుగా నిలబడి ఉంటే ఈ ఇరవై ఏళ్ల పోరాటం అవసరమయ్యేది కాదేమో అనిపిస్తుంది నాకు.

ఉద్యోగుల సమ్మెల చరిత్రలో అందరూ భయంతో తలుచుకునేది తమిళనాడు 2003. పెన్షన్, ఇతర సౌకర్యాల కోతకు వ్యతిరేకంగా జూలైలో సమ్మె మొదలైంది. జయలలిత ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల చట్టం) ప్రయోగించి, ఆర్డినెన్సు తెచ్చి, దాదాపు 1.7 లక్షల మందిని ఒక్క కలం పోటుతో తొలగించింది. ఆగస్టు 6న సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోవడానికి దారి చూపుతూనే, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టబద్ధ, నైతిక హక్కు గానీ లేదంది. ఈ తీర్పును అధికారులు ఇప్పటికీ ప్రతి సమ్మె నోటీసుకూ జవాబుగా ఉటంకిస్తారు. కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆ రాష్ట్రంలోని 39 స్థానాల్లో ఒక్కటి కూడా అధికార పార్టీకి దక్కలేదు, ఉద్యోగుల మీద తీసుకున్న చర్యల్లో చాలావాటిని ప్రభుత్వం తానే వెనక్కి తీసుకుంది. తమిళనాడు సమ్మెకు ముందు ఏడాది కేరళలో ఎ.కె. ఆంటోనీ ప్రభుత్వం శ్వేతపత్రం చూపి ప్రయోజనాలు తగ్గిస్తే అక్కడి ఉద్యోగులు, టీచర్లు 32 రోజులు సమ్మె చేశారు. రెండు చోట్లా వెంటనే దక్కింది తక్కువ. అయితే ప్రభుత్వాలు ఆ తర్వాత చాలాకాలం జాగ్రత్తగా ఉన్నాయి.

కోర్టులన్నీ ఎప్పుడూ ఒకే వైపు లేవు. కరోనా మొదటి నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ జీతాల్లో, పెన్షన్లలో సగం దాకా వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. జీతం, పెన్షన్ ఉద్యోగికి హక్కుగా రావాల్సినవన్న మాటను మాత్రం నిలబెట్టింది. ఒక విశ్రాంత న్యాయమూర్తి వేసిన పిటిషన్ మీద వచ్చిన ఈ తీర్పు లక్షలమందికి పనికొచ్చింది. అదే సమయంలో కేంద్రం మూడు డీఏ వాయిదాలను స్తంభింపజేసింది, ఆ 18 నెలల బకాయి ఇవ్వనే లేదు.

ఇక మన దగ్గరి మూడు పోరాటాలను పక్కపక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే నా వాదనకు బలం వాటి నుంచే.

తెలంగాణ ఆర్టీసీ సమ్మె 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేలమంది కార్మికులు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండు. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి అన్నారు, 5,100 రూట్లు ప్రైవేటుకు ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. కొందరు కార్మికులు తమ ప్రాణాలు తీసుకున్నారు. నవంబరు 25న జేఏసీ ఏ హామీ లేకుండా సమ్మె విరమించింది. ఓడిపోయిన సమ్మె అని అప్పుడు అందరూ రాశారు. కానీ ఆ యాభై రోజుల్లో పల్లెవెలుగు బస్సు ఎందుకు నష్టాల్లో నడుస్తుందో, విద్యార్థుల పాసుల సొమ్ము ప్రభుత్వం సంస్థకు ఎందుకు కట్టాలో, డీజిలు మీద పన్ను ఎవరు తీసుకుంటారో ఊరూరా చర్చ జరిగింది. అక్టోబరు 19 బంద్‌కు జనం కలిసి వచ్చారు. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 50 వేలకు పైగా ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. 2023 ఆగస్టులో తెలంగాణ శాసనసభ కూడా విలీనం బిల్లు పాస్ చేసింది. నాలుగేళ్ల ముందు అసాధ్యమన్న పనికి అదే ప్రభుత్వం చట్టం చేసింది. ఎన్నికల లెక్క ఉండొచ్చు. జనం మనసులో ఆ డిమాండు న్యాయమైనదిగా నిలిచిపోవడం వల్లే ఆ లెక్క పుట్టింది.

ఆంధ్రప్రదేశ్ పీఆర్సీ ఉద్యమం 2022 దానికి భిన్నం. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవారికి 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు, ఇంటి అద్దె భత్యం శ్లాబులు తగ్గించారు. దాన్ని రివర్స్ పీఆర్సీ అన్నారు, సరైన మాటే. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు పోలీసు ఆంక్షలు దాటుకుని వేలాదిగా వచ్చారు. అంత పెద్ద ఉద్యోగుల ప్రదర్శన విజయవాడ చూసి చాలా కాలమైంది. రెండు రోజుల తర్వాత అర్ధరాత్రి చర్చలతో, తలపెట్టిన సమ్మె ఆగింది. అద్దె భత్యం కొంత సవరించారు, భృతి రికవరీ ఉండదన్నారు. ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పందాన్ని తప్పుపట్టి బయటికొచ్చాయి. అంతమంది రోడ్డెక్కినా ఆటోవాలా, కౌలురైతు, ప్రైవేటు బడి టీచరు అటు తిరిగి చూడలేదు. ఉద్యోగులు తమ జీతం స్లిప్పు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడలేదు కాబట్టి, వాళ్లకూ దానితో పని లేకపోయింది.

అంగన్‌వాడీల సమ్మె 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో లక్షమంది దాకా ఆడవాళ్లు, నెలకు 11,500 రూపాయలో అంతకన్నా తక్కువో తెచ్చుకుని బతికేవాళ్లు. ప్రభుత్వోద్యోగులుగా గుర్తించని వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. వాళ్ల వేతనం వెనుక కూడా బడ్జెట్ కోతే ఉంది: 2015-16 కేంద్ర బడ్జెట్‌లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం కేటాయింపును 18 వేల కోట్ల పైనుంచి 8 వేల కోట్ల స్థాయికి దించారు. తర్వాత కొంత కలిపినా భారం రాష్ట్రాల మీదికి జరిగింది. కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018లో 4,500 అయ్యాక చాలా ఏళ్లు కదలలేదు. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చినా దానికోసం మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ 42 రోజులు ఎన్జీవో (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల) సంఘాలు ఇచ్చిన మద్దతు ఎక్కువగా పత్రికా ప్రకటనలకే పరిమితమైంది. ఒక్క రోజు, భోజన విరామంలోనైనా, ప్రతి కలెక్టరేటులో రెగ్యులర్ ఉద్యోగులు వాళ్ల పక్కన నిలబడి ఉంటే బేరం మరోలా ఉండేదని నా నమ్మకం.

జనాన్ని కలుపుకున్న పోరాటానికీ, జీతం స్లిప్పు దగ్గరే ఆగిన పోరాటానికీ మధ్య ఈ తేడా మన దగ్గరే కాదు, బయటా కనిపిస్తుంది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలకూ లోటు లేని బడ్జెట్ పెట్టాలన్న నిబంధన ఉంది, అందుకే మాంద్యం వచ్చినప్పుడల్లా అక్కడ కోతలు తప్పవు. 2011 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ గవర్నరు స్కాట్ వాకర్ 3.6 బిలియన్ డాలర్ల లోటు చూపి బిల్లు తెచ్చారు. పెన్షన్ వాటాలో సగం, ఆరోగ్య బీమాలో 12.6 శాతం ఉద్యోగులే కట్టాలన్నది ఒక భాగం. మూల వేతనం తప్ప మరి దేని మీదా సంఘాలు బేరమాడకూడదన్నది అసలు భాగం. పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని మినహాయించారు. ప్రభుత్వోద్యోగులకు సామూహిక బేరసారాల హక్కును 1959లో దేశంలో మొదట ఇచ్చిన రాష్ట్రం అది. లక్షమంది దాకా రాజధాని మాడిసన్‌లో చేరారు, కాపిటల్ భవనంలోనే పడుకున్నారు, 14 మంది డెమొక్రాటిక్ సెనేటర్లు కోరం లేకుండా చేయడానికి పక్క రాష్ట్రానికి వెళ్లిపోయారు. సంఘాల నాయకులు మాత్రం, హక్కులుంచితే చాలు, డబ్బు కోతలన్నిటికీ ఒప్పుకుంటాం అన్నారు. కోత అవసరమేనని ఒప్పుకున్నాక, బేరం చేసే హక్కు ఎందుకు అన్న ప్రశ్నకు మామూలు ఓటరు దగ్గర జవాబు మిగల్లేదు. మార్చి 11న చట్టమైంది. 2012 రీకాల్ ఎన్నికలో వాకర్ మళ్లీ గెలిచారు. 2010లో 14 శాతానికి పైగా ఉన్న సంఘ సభ్యత్వం కొన్నేళ్లకే 9 శాతం లోపుకు జారింది.

వెస్ట్ వర్జీనియాలో 2018లో జరిగింది చూడండి. అక్కడ టీచర్లకు సమ్మె హక్కే లేదు. ఫిబ్రవరి 22న 55 కౌంటీల్లోనూ బడులు మూశారు. బడి బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు కలిశారు. బడిలో పెట్టే అన్నం మీద ఆధారపడే పిల్లల కోసం టీచర్లు ముందే ఆహారం పొట్లాలు కట్టి ఇళ్లకు చేర్చారు. టీచర్లకు 5 శాతం పెంపు, మిగతా ఉద్యోగులకు తక్కువ అన్న ఒప్పందానికి నాయకులు తలూపితే కింది శ్రేణి ఒప్పుకోలేదు. రాష్ట్ర ఉద్యోగులందరికీ 5 శాతం అయ్యాకే బడులు తెరిచారు. చికాగోలో కారెన్ లూయిస్ నాయకత్వంలోని టీచర్ల సంఘం 2012 సమ్మెకు ముందే, తమ నగరం పిల్లలకు ఎలాంటి బడి కావాలో చెప్పే నివేదిక అచ్చువేసి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లింది. 2019లో మళ్లీ సమ్మె చేసి ప్రతి బడికీ ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త ఉండేలా ఒప్పందంలో రాయించుకుంది. జీతంతో పాటు బడిలో నర్సు పోస్టునూ బేరం బల్ల మీద పెట్టిన సంఘం అది. మన సంఘాలు నేర్చుకోవాల్సింది అక్కడుంది.

కోత తప్పదన్న వాదన ఆర్థిక శాస్త్రంలోనూ బలహీనపడింది. అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి కుప్పకూలుతుందన్న 2010 నాటి రైన్‌హార్ట్, రోగాఫ్ పత్రంలో లెక్క తప్పులున్నాయని 2013లో ఒక పరిశోధక విద్యార్థి బయటపెట్టాడు. యూరప్‌లో కోతల వల్ల వృద్ధికి కలిగే నష్టాన్ని అంచనాలు తక్కువ చేసి చూశాయని అదే ఏడాది ఐఎంఎఫ్ ముఖ్య ఆర్థికవేత్త బ్లాంచార్డ్ సహ రచయితతో కలిసి రాశారు. మాంద్యంలో రాష్ట్రాలు సేవల ఖర్చు తగ్గించడం కన్నా ఎక్కువ ఆదాయం ఉన్నవారి మీద పన్ను పెంచడమే తక్కువ నష్టమని స్టిగ్లిట్జ్, ఓర్జాగ్ 2001లోనే వాదించారు. మండల కేంద్రంలో టీచరు, నర్సు, కండక్టరు జీతాలు ఎక్కడ ఖర్చవుతాయి? అక్కడి కిరాణా కొట్లోనే, అక్కడి మేస్త్రీ చేతిలోనే.

ఇప్పుడు జనం వైపు ప్రశ్న. 'వాళ్లకు జీతాలు ఎక్కువ, పని తక్కువ, పైగా లంచాలు' అన్నది ఏ రచ్చబండ దగ్గరైనా వినిపించే మాట. దాన్ని ప్రభుత్వ ప్రచారమని కొట్టిపారేయడం తప్పు. పాస్‌బుక్కు కోసం ఆఫీసు చుట్టూ తిరిగి చేయి తడిపిన రైతు ఆ ఉద్యోగి డీఏ కోసం జెండా పట్టుకోడు. లంచం తీసుకునే సహోద్యోగిని వెనకేసుకొచ్చే సంఘం కోతను ఆపలేదు. అలాగే 'ఉచితాలకు పోసి మాకు ఎగ్గొడుతున్నారు' అని ముసలివాళ్ల పింఛను మీద, ఆడవాళ్ల ఉచిత బస్సు మీద విరుచుకుపడే ఉద్యోగ నాయకుల మాటలు నాకు చాలా బాధ కలిగిస్తాయి. ఆ ఉచిత బస్సును నడిపేది ఉద్యోగే. ఆ పింఛను చేతికిచ్చేదీ ఉద్యోగే. వితంతువు పింఛను, గుమాస్తా డీఏ ఒకదాన్ని ఒకటి తినేయాలని ఏ చట్టమూ చెప్పదు. అలా చెప్పేది కోత పెట్టేవాళ్లు.

చట్టం దారి ఇరుకే. 1964 నాటి ప్రవర్తనా నియమావళి సమ్మెను నిషేధిస్తుంది, 1971 నాటి అత్యవసర సేవల చట్టం రాష్ట్రం చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కార్పొరేషన్ల, ప్రభుత్వ రంగ సంస్థల కార్మికులకు 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది, సగంమంది కలిసి సెలవు పెట్టినా సమ్మెగానే లెక్కిస్తుంది. సంఘటిత హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 87, 98 నంబర్ల ఒప్పందాలను భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు. అయినా నల్లబ్యాడ్జీ, భోజన విరామ ప్రదర్శన, సెలవు రోజున ధర్నా, సహాయ నిరాకరణ, వినతిపత్రం అన్నీ మిగిలే ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా మిగిలింది సమాచారం. ఏ ఆఫీసులో ఎన్ని పోస్టులు ఖాళీ, ఏ పద్దు కింద ఎంత వచ్చి ఎంత వెనక్కి పోయింది, ఏ హాస్టలు బిల్లు ఎన్ని నెలలుగా ఆగింది అన్నది ఉద్యోగుల కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ప్రతి మండలంలో సంఘాలు ఆ లెక్కను తయారుచేసి బడ్జెట్ సమావేశాలకు ముందు ప్రతి ఎమ్మెల్యేకూ, పత్రికలకూ, విద్యార్థి సంఘాలకూ ఇవ్వొచ్చు. దానికి సమ్మె హక్కు అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం చాలు.

తెలంగాణలో ఎన్. శివశంకర్ అధ్యక్షతన రెండో పీఆర్సీని 2023 అక్టోబరులోనే వేశారు, 5 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో వేసిన పన్నెండో పీఆర్సీ ప్రభుత్వం మారాక అధ్యక్షుడు లేకుండా పోయింది. ఇలాంటి ప్రతి కమిషన్‌కూ సంఘాలు ఫిట్‌మెంట్ శాతం, అద్దె భత్యం శ్లాబులతో లావుపాటి నివేదనలు ఇస్తాయి. ఈసారి ఆ నివేదన మొదటి పేజీలో శాఖలవారీ ఖాళీల పట్టిక ఉండాలి. రెండో పేజీలో అదే శాఖలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్నవారి సంఖ్య, జగ్జీత్ సింగ్ తీర్పు ప్రకారం వారికి రావాల్సిన కనీస స్కేలు ఉండాలి. ఫిట్‌మెంట్ మూడో పేజీలో రావచ్చు. ఆ నివేదన మీద సంతకం పెట్టడానికి జేఏసీ చైర్మన్‌తో పాటు అంగన్‌వాడీ, ఆశా, పారిశుధ్య కార్మికుల సంఘాలను కూడా పిలవాలి. పిలవడానికి ఏ జీవో అడ్డం రాదు.